దెయ్యానికి తలుపుతో పనేటి?

రాత్రి సీరియల్... పొద్దున్న పంచాయితీ! శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దెయ్యాల కథలు, గ్రహాంతరవాసుల కథలు తెర మీద ముగిసినా జనం నోట్లో ముగియవు. నలభై ఏళ్లుగా సాగుతున్న ఈ కబుర్లు చాలావరకు నవ్వులాటే. కానీ ఒక్కోసారి ప్రాణాల మీదకొచ్చే సంగతులూ వాటిలో ఉంటాయి.

గోడలోంచి దూరి రాగలిగే దెయ్యం తలుపెందుకు తట్టింది? పాములోంచి మనిషిగా మారిన నాగినికి పట్టుచీర, నగలు ఎక్కడివి? కాలంలో వెనక్కి వెళ్లినవాడు తాతగారి పెళ్లి చెడగొట్టేస్తే, మరి వీడు పుట్టేదెలా?

అతీంద్రియ శక్తుల సీరియళ్లు చూసేవాళ్లు నలుగురు చేరితే చాలు, ఇలాంటి ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. "దెయ్యానికి తలుపుతో పనేటి బావూ?" అని ఒకరంటారు. "పిలిస్తేనే వస్తాది. అందుకే తలుపు కొట్టింది" అని ఇంకొకరు దెయ్యం తరఫున వకాల్తా పుచ్చుకుంటారు. "అలగైతే కిందటి వారం ఎవులు పిలిచారు?" అని మూడోవారు అడ్డు తగులుతారు. అంతే! టీ చల్లారిపోతుంది, వాదన వేడెక్కుతుంది.

బయటివాళ్లకి ఇది పనిలేని కబుర్లలా కనిపించొచ్చు. కాస్త చెవి ఒగ్గి వింటే అందులో ఓ పద్ధతి ఉంది. దెయ్యం ఉందా లేదా అన్నది అక్కడ ఎవరూ అడగరు. ఉందనే అనుకుందాం, మరి దానికీ ఓ లెక్క ఉండాలి కదా అన్నదే వాళ్ల పట్టు. ముందు చెప్పిన నియమాన్ని కథ తర్వాత తప్పితే అభిమాని ఊరుకోడు.

బేతాళుడే మొదటి గురువు

ఈ అలవాటు టీవీతో మొదలైంది కాదు. 1947 జులైలో 'చందమామ' వచ్చిన తర్వాత కొన్ని తరాల తెలుగు పిల్లలు విక్రమార్కుడి భుజం మీద శవాన్ని, అందులోని బేతాళుణ్ని చూస్తూ పెరిగారు. శంకర్ గీసిన ఆ బొమ్మ తెలియనివారు తక్కువ. ఆ కథల తమాషా అంతా చివర్లోనే. బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు, ఓ చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే బేతాళుడు మళ్లీ చెట్టెక్కేస్తాడు. రాజు జవాబు చదవకముందే మన జవాబు మనం చెప్పుకోవాలి. అంటే దెయ్యం కథ వినడమంటే దానితో వాదించడమే అని పిల్లలకి ముందే అలవాటైపోయింది.

1985లో రామానంద్ సాగర్ 'విక్రమ్ ఔర్ బేతాల్'ని దూరదర్శన్‌లోకి తెచ్చారు. మాటలు హిందీ అయినా కథ ఇంట్లో తెలిసిందే కాబట్టి ఇక్కడి పిల్లలకి భాష అడ్డం కాలేదు. వీధికి ఒకటో రెండో టీవీలున్న రోజులవి. ఒకరు డాబా ఎక్కి యాంటెనా తిప్పాలి, ఇంకొకరు కింద నుంచి "వచ్చింది... పోయింది" అని అరవాలి. బొమ్మ మీద ఎప్పుడూ చుక్కల వాన కురుస్తూనే ఉండేది. ఇరుగుపొరుగు పిల్లలంతా ఆ ఒక్క టీవీ ముందే చేరేవారు. కాబట్టి సీరియల్ అయిపోగానే మాట్లాడుకోవడానికి మనుషుల్ని వెతుక్కోవాల్సిన పని లేదు.

దాదాపు అదే కాలంలో ఆదివారం ఉదయాల్లో 'స్టార్ ట్రెక్' కూడా దూరదర్శన్‌లో వచ్చింది. అంతా ఇంగ్లిషే. అయినా మొనదేలిన చెవుల స్పాక్‌నీ, నిలబడ్డచోటే మాయమై ఇంకోచోట తేలే మనుషుల్నీ నోరెళ్లబెట్టి చూసినవాళ్లున్నారు. 1989లో 'ఇంద్రధనుష్' వచ్చింది. పిల్లలు, ఓ కంప్యూటరు, కాలంలో ప్రయాణం... కంప్యూటరు ఎలా ఉంటుందో చాలామందికి తెలియని రోజుల్లో అదే ఓ వింత.

రెండేళ్లకి, 1991లో, సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. తర్వాత టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అందులో టైమ్ మెషీన్ శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి వెళ్తుంది. అది తుంగభద్ర ఒడ్డున ఉన్న విజయనగరం. పైడితల్లమ్మ సిరిమాను తిరిగే మన విజయనగరం కాదు! ఊరు ఏదైతేనేం, కాలంలో వెనక్కి వెళ్లి ఏదైనా మారిస్తే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం తెలుగు ప్రేక్షకుడికి అప్పటి నుంచే పరిచయం.

వారమంతా అదే గోల

కేబుల్ వైర్లు వీధుల్లోకి వచ్చాక కథ మారింది. 1995లో జెమిని, ఈటీవీ రెండూ మొదలయ్యాయి. హిందీలో 'జీ హారర్ షో' 1993 నుంచి భయపెడుతోంది. 'ఆహట్' 1995లో సోనీలో మొదలైంది. తెలుగులో మాత్రం ఆ తరం వాళ్లకి మొదట గుర్తొచ్చే పేరు 'అన్వేషిత'. అచ్యుత్, యమున నటించిన ఈ సీరియల్ 1990ల చివర్లో ఈటీవీలో వచ్చింది. అప్పటి పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు, తండ్రులు. అయినా ఆ పేరు చెబితే చాలు, "అబ్బో, దుప్పటి కప్పుకుని చూసేవాళ్లం" అంటారు.

ఇక్కడ ఓ సంగతి గమనించాలి. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య రోజుల తరబడి ఖాళీ. సరిగ్గా ఉత్కంఠ దగ్గరే ఆపేసి 'సశేషం' అంటారు. యూట్యూబ్ లేదు, మళ్లీ చూసే దారి లేదు. కరెంటు పోతే ఆ భాగం పోయినట్టే. అప్పుడు చూసినవాళ్లే దిక్కు. చూసినవాళ్లు చూడనివాళ్లకి చెప్పేటప్పుడు కథకి కాస్త ఉప్పూకారం పడేది. లేని దెయ్యం ఒకటి అదనంగా వచ్చి చేరేది. ఆ ఖాళీలోనే ఊహలు, పందేలు, వాదనలు. ఈ తరం సిద్ధాంతాలని పిలిచేవి అప్పట్లో బస్టాండుల్లో, బోరింగుల దగ్గర, స్కూలు గోడల మీద నడిచాయి.

అందరూ నవ్వుకునే వాదనలే కావు. 1997 సెప్టెంబరు 13న 'శక్తిమాన్' మొదలైంది. గిర్రున తిరిగి గాల్లోకి లేచే ఆ వీరుడు వచ్చి కాపాడతాడని నమ్మి కొందరు పిల్లలు ప్రమాదాల్లో పడ్డారని అప్పట్లో దేశంలో పలుచోట్ల నుంచి వార్తలొచ్చాయి. ముఖేష్ ఖన్నా స్వయంగా తెర మీదకొచ్చి అనుకరించొద్దని పిల్లలకి చెప్పాల్సి వచ్చింది. పక్కన కూర్చుని "అది తాడు కట్టి లాగారురా" అని చెప్పే అన్నయ్యో, అక్కో ఉన్న ఇంట్లో ఆ ప్రమాదం తక్కువే. సీరియల్‌కి తోడుగా మాట ఉండాలనేది అందుకే.

దెయ్యానికి యాస లేదా?

ఈ రెండు జిల్లాల అభిమానులకి ఇంకో ఫిర్యాదు ఉంది. తెర మీద దెయ్యాలన్నీ పుస్తకాల తెలుగే మాట్లాడతాయి. "నిన్ను వదలను" అంటుందే తప్ప "నిన్నొగ్గను" అనదు. డబ్బింగ్ సీరియళ్లలో అయితే మరీను. రాజస్థాన్ కోటలోని ఆత్మ కూడా పాఠ్యపుస్తకం చదివినట్టే మాట్లాడుతుంది. శ్రీకాకుళం యాస చాలాకాలం పనిమనిషి పాత్రకో, నవ్వించే పాత్రకో పరిమితం. భయపెట్టే హక్కు, బాధపడే హక్కు ఆ యాసకి దక్కింది తక్కువ. 2020లో వచ్చిన 'పలాస 1978' లాంటి సినిమాలు ఆ కొరత కొంత తీర్చాయి. దెయ్యాలు మాత్రం ఇంకా దారికి రాలేదు!

నిజానికి దెయ్యం కబుర్లకి ఈ నేల కొత్తది కాదు. 1892లో విజయనగరంలోనే మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' గుర్తుందా? దయ్యాలను సీసాలో బిగిస్తానని లుబ్ధావధాన్లని నమ్మించే పూజారి గవరయ్య అందులోని వాడే. దయ్యమంటే భయం ఎవరికి లాభమో గురజాడ అప్పుడే నవ్వుతూ చూపించేశారు. తెర మీద భూతవైద్యుడు కనిపించగానే "గవరయ్య వచ్చాడ్రా" అనుకోవడానికి ఆ నాటకం ఒక్కటి చాలు.

కొండల మీది సంగతి వేరు. సీతంపేట వైపు ఉండే సవరలకి సరిహద్దు అవతల ఒడిశాలోనూ బంధుజనం ఉన్నారు. అక్కడి సవరల మధ్య ఏళ్ల తరబడి గడిపిన పియర్స్ వైటెబ్‌స్కీ అనే పరిశోధకుడు 1993లో ఓ పుస్తకం రాశారు. చనిపోయినవాళ్లు పూనకంలో ఉన్న స్త్రీ నోట మాట్లాడతారు. బతికున్నవాళ్లు వాళ్లని ప్రశ్నలడుగుతారు, పోట్లాడతారు, ఏడుస్తారు, సముదాయిస్తారు. దుఃఖాన్ని దించుకోవడానికి వాళ్లకి ఆ సంభాషణే దారి. నమ్మినా నమ్మకపోయినా ఒకటి ఒప్పుకోవాలి. అక్కడ కూడా మౌనంగా భయపడటం లేదు. అడగడం ఉంది.

నాగిని... నాటు వైద్యం

2015 నవంబరులో హిందీలో 'నాగిన్' మొదలైంది. తెలుగు డబ్బింగ్ 'నాగిని' ఇక్కడి ఇళ్లలోకి ఇట్టే దూరిపోయింది. పగబట్టే పాము మనకి కొత్తదేం కాదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇళ్లు ఇవి. అయితే వరి, జీడిమామిడి, కొబ్బరి తోటల మధ్య బతికే మనుషులకి పాము ఒట్టి కథ కాదు. చీకట్లో మోటారు వేయడానికి వెళ్లినప్పుడు కాలి కింద పడే నిజం.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకి దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఓ అధ్యయనం అంచనా వేసింది. సగటున ఏడాదికి 58 వేల మంది. వీరిలో ఎక్కువ మంది పల్లె జనమే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... ఈ నాలుగింటి విషానికీ పనికొచ్చే విరుగుడు మందు మన దగ్గర ఉంది. ఆసుపత్రికి ఎంత తొందరగా చేరతామన్నదే ప్రశ్న. మంత్రం వేయించి, వేరు కట్టించి, ఆ తర్వాత ఆటో ఎక్కితే అప్పటికే ఆలస్యం.

అందుకే నాగిని మీద జరిగే వాదన చిన్నదేం కాదు. పాముకి బయటికి కనిపించే చెవుల్లేవు, నాదస్వరం రాగానికి అది ఆడదు, ఊదేవాడి చేతి కదలికని బట్టి పడగ తిప్పుతుంది. పాలు దాని ఆహారం కాదు. పగబట్టి మనిషిని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వస్తుందనడానికి ఆధారం లేదు. సీరియల్ చూస్తూ చూస్తూనే ఈ నాలుగు ముక్కలు ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తే, నాగినిని చూసే సరదా ఏమీ తగ్గదు. రేపు పొలంలో ఏదైనా జరిగితే కాళ్లు ఆసుపత్రి వైపే నడుస్తాయి.

వంశవృక్షం గీసుకుని మరీ...

ఇప్పుడు ఫోనే టీవీ. రాజాం, ఎచ్చెర్ల, విజయనగరం కాలేజీ హాస్టళ్లలో పిల్లలకి జర్మన్ సీరియల్ కూడా పరాయిది కాదు. 2017 నుంచి 2020 వరకు మూడు సీజన్లుగా వచ్చిన 'డార్క్' అలాంటిదే. విండెన్ అనే ఊళ్లో నాలుగు కుటుంబాలు, ముప్ఫైమూడేళ్లకోసారి తిరిగొచ్చే కాలం. ఎవరికి ఎవరు తండ్రో, ఎవరు ఏ కాలంలో ఉన్నారో కాగితం మీద వంశవృక్షం గీసుకుంటే తప్ప అంతుపట్టదు. మన చుట్టరికాలు తెలిసినవాళ్లకి ఇది కాస్త తేలికేమో! మేనరికాలు, రెండు వైపుల నుంచీ వరసలు కలిసే పెళ్లిళ్లు చూసిన కళ్లు కదా.

2016లో మొదలై 2025 ఆఖరుకి ముగిసిన 'స్ట్రేంజర్ థింగ్స్' ఇంకో రకం. ఓ చిన్న ఊరు, ప్రభుత్వ ప్రయోగశాల, ఊరి కిందే తలకిందులుగా ఉన్న ఇంకో లోకం. అందులో పిల్లలు భూతాన్ని చూసి పారిపోరు. అది దేనికి భయపడుతుంది, ఎక్కడి నుంచి వస్తోంది, దారి ఎలా మూయాలి అని లెక్కలేసుకుంటారు. తెలుగు మాటలతో కూడా రావడంతో ఇంగ్లిషు అంతగా పట్టుబడని తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా చర్చలోకి దిగారు.

మరి మన సంగతో? 2023 డిసెంబరు 1న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన 'దూత' ఉత్తరాంధ్ర అభిమానులకి మరీ దగ్గరి కథ. విశాఖపట్నం నేపథ్యం, నాగచైతన్య పాత్రికేయుడు, ఎనిమిది భాగాలు, మొదటి నుంచి చివరిదాకా వాన. జరగబోయే చావులు పాత పేపరు ముక్కల్లో ముందే అచ్చయి కనిపిస్తుంటాయి. దర్శకుడు విక్రమ్ కుమార్ 2009లో తీసిన '13బి'లో టీవీ సీరియల్ ఓ కుటుంబంలో జరిగేది జరిగినట్టు చూపిస్తుంది. అక్కడ టీవీ, ఇక్కడ పేపరు. రోజూ ఇంట్లోకి నమ్మకంగా వచ్చే వస్తువే భయపెట్టడం ఆయన పద్ధతి. 'దూత' చూసి అభిమానులు తేల్చుకోవాల్సిన ప్రశ్న కూడా బేతాళుడి ప్రశ్నలాంటిదే. ముందే తెలిస్తే తప్పించొచ్చా, తప్పించబోయి మనమే జరిపిస్తామా?

వెన్నెలవలసా... ఉద్దానమా

ఇన్ని సీరియళ్లు చూసినవాళ్లకి ఓ తేడా అర్థమవుతుంది. దెయ్యం కథలో ప్రతిదానికీ చివరికి జవాబు దొరికేస్తుంది. ఎవరో అన్యాయంగా చచ్చిపోయారు, పగబట్టారు, అంతే. సైన్స్ కథలో అలా కాదు. ఒక జవాబు దొరికేసరికి రెండు కొత్త ప్రశ్నలు పుడతాయి. ఈ తేడా తెర మీదే ఉండిపోతే గొడవ లేదు. ఇదే జిల్లాలో, తెర బయట కూడా అది కనిపించింది.

2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలం వెన్నెలవలస పేరు దేశమంతా వినిపించింది. ఊళ్లో వరుసగా కొందరు చనిపోయారు. దుష్టశక్తి పనేనన్న భయంతో, పూజారుల సలహా మీద ఏప్రిల్ 17 నుంచి 25 వరకు ఊరు తనకు తానే లాక్‌డౌన్ పెట్టుకుందని వార్తలొచ్చాయి. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. బడి, అంగన్‌వాడీ, సచివాలయం కూడా మూతపడ్డాయి. అధికారులు, పోలీసులు వెళ్లి నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆ ఊరివాళ్లని చూసి నవ్వడం తేలిక. కరోనాకి ఊళ్లకి ఊళ్లు కంచెలు వేసుకున్న రెండేళ్లకే అది జరిగిందన్నది మరిచిపోకూడదు. వరసగా పాడెలు లేస్తుంటే ఎవరికైనా గుండె జారుతుంది. ఏదో ఒక జవాబు కావాలి. దెయ్యం వెంటనే దొరికే జవాబు.

ఆ తొందరపాటు జవాబుకి బలయ్యేది ఎప్పుడూ దెయ్యం కాదు. కొండ ప్రాంతాల్లో 'చిల్లంగి' అన్న ఒక్క మాట ఎంతటి పనైనా చేయిస్తుంది. జ్వరమొచ్చి పిల్లాడు పోతే, పక్కింటి ఒంటరి ముసలమ్మ మీద చూపు పడుతుంది. ఆ తర్వాత జరిగేవి పోలీసు కేసుల్లో ఉంటాయి. పొరుగునున్న ఒడిశా ఇలాంటి దారుణాల్ని అడ్డుకోవడానికి 2013లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చుకుంది. మూఢనమ్మకాల్ని ప్రోత్సహించే కార్యక్రమాలు వేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో 1994 నుంచీ ఉంది. తెర అడుగున 'కల్పితం' అని చిన్న అక్షరాలు పడటం ఆ భయంతోనే. ఆ అక్షరాల్ని చదివేవాళ్లెందరు?

నిబంధన చేయలేని పని మాట చేస్తుంది. 1988 నుంచి జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లలో చేసి చూపిస్తున్నది అదే. పసుపులో సున్నం కలిస్తే ఎరుపెక్కుతుంది, అదే 'నెత్తురు'. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ చుక్కలు పడితే కాసేపటికి మంట లేస్తుంది, అదే 'మంత్రపు నిప్పు'. సీరియల్లో పసుపు నీళ్లు నెత్తురుగా మారగానే "అది సున్నం పనేరా" అని పిల్లాడు అరిస్తే ఆ ప్రదర్శన ఫలించినట్టే.

ఇదే శ్రీకాకుళం జిల్లాలో ఇంకో వైపు ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి తోటల పచ్చదనం వెనక వేల ఇళ్లలో కిడ్నీ జబ్బు. 1990ల నుంచి వైద్యులు గమనిస్తూనే ఉన్నారు. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, అయినా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లా? ఎండలో చెమటోడ్చి సరిగా నీళ్లు తాగకపోవడమా? నొప్పి మాత్రలా? పురుగుమందులా? దేశవిదేశాల నుంచి పరిశోధకులు వచ్చారు, నమూనాలు పట్టుకెళ్లారు. ఇదే అని వేలు పెట్టి చూపగల ఒక్క కారణం ఇంకా తేలలేదు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చే పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

మిస్టరీ అంటే ఇదీ మిస్టరీయే. ముప్ఫై ఏళ్లకి పైగా 'సశేషం' అని ఆగిపోతూనే ఉంది. కానీ ఆ జనం ఏ ముసలమ్మ మీదా నింద వేయలేదు. నీళ్లు పరీక్ష చేయించమన్నారు, డాక్టర్లని పంపమన్నారు, రోడ్డెక్కి అడిగారు. 'ఇంకా తెలీదు' అన్న మాటని భరించడం తేలిక కాదు. దాన్ని భరిస్తూనే 'ఎందుకు?' అని అడగడం మానకపోవడం మరీ కష్టం.

ఆ కష్టం ముందు సీరియల్ కబుర్లు ఏపాటివి అనొచ్చు. కానీ అడగడమనేది చిన్నప్పుడు ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. ఈ రాత్రి తెర మీద దెయ్యం మళ్లీ తలుపు తడుతుంది. పక్కనున్న ఎనిమిదేళ్ల పిల్ల "గోడలోంచి రావొచ్చు గదా, తలుపెందుకు?" అంటుంది. "నోర్మూసుకుని చూడు" అనకండి. టీవీ సౌండు కాస్త తగ్గించి, ఆ పిల్లతో వాదనకి దిగండి.